అర్థం కాకపోయినా ‘యస్’ అనేశాను, ఇప్పుడు అదే పని అప్పగిస్తామంటున్నారు

భీమవరం ప్రాంతం నుంచి ఒక పాఠకురాలు రాసిన సుదీర్ఘమైన ఉత్తరం ఇది. పేరు, ఊరు, సంస్థ వివరాలు బయటపెట్టవద్దని కోరారు కనుక సారాంశం మాత్రమే ఇస్తున్నాం. ఆమెకు 34 ఏళ్ళు. పాలకొల్లు దగ్గర పల్లెలో పుట్టి, పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, బీకాం పూర్తి చేసి, పెళ్ళయ్యాక ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో డాక్యుమెంట్ల విభాగంలో చేరారు. ఇన్వాయిసు, ప్యాకింగ్ లిస్టు, హెల్త్ సర్టిఫికెట్టు వంటి కాగితాల్లో రొయ్యల సైజు తెలిపే కౌంటు దగ్గర నుంచి కార్టన్ల సంఖ్య దాకా ఆమె చేతి మీదుగా వెళ్ళిన దేనిలోనూ తప్పు దొర్లలేదన్న పేరుంది. చిక్కల్లా మాట్లాడే ఇంగ్లీషుతోనే.

కొన్ని నెలల క్రితం మేనేజరు ఊళ్ళో లేని రోజున అమెరికా బయ్యర్ ఫోను చేసి, రెండు కంటైనర్ల ఆర్డరు గురించి మాట్లాడుతూ ‘లెట్స్ టేబుల్ ది సెకండ్ కంటైనర్ ఫర్ నౌ’ అన్నారట. పార్లమెంటులో బిల్లు టేబుల్ చేశారని పేపర్లో చదివిన గుర్తుతో, రెండో కంటైనరును కూడా ఇప్పుడే ముందుకు తెమ్మంటున్నారనుకుని ఈమె ‘యస్ సర్, యస్ సర్’ అన్నారు. మర్నాడే షిప్పింగ్ బుకింగ్ చేయించారు, ప్యాకింగుకు కబురు పెట్టారు. తీరా చూస్తే, రెండో కంటైనరును ప్రస్తుతానికి పక్కన పెడదామన్నది ఆయన మాట. రద్దు ఛార్జీలు సంస్థ మీద పడ్డాయి. సరుకు కోల్డ్ స్టోరేజీలో ఉండిపోయింది. మేనేజరు అందరి ముందూ కేకలేశారు.

ఆ అవమానంతో ఆమె వెయ్యి ఇడియమ్స్ (జాతీయాలు) ఉన్న పుస్తకమొకటి కొని, తెల్లవారుజామున లేచి వరుసపెట్టి బట్టీ పట్టడం మొదలుపెట్టారు. బయ్యర్ ఆఫీసులో తనతో ఎప్పుడూ మర్యాదగా ఉత్తరప్రత్యుత్తరాలు జరిపే ఒకామె మోకాలి ఆపరేషనుకు సెలవు పెడుతున్నానని రాస్తే, పుస్తకంలో ‘ఆల్ ది బెస్ట్’ అనే అర్థం ఇచ్చిన ‘బ్రేక్ ఎ లెగ్’ అని జవాబు పంపారు. అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. ఆఫీసులో హైదరాబాదు నుంచి వచ్చిన ఒక జూనియరు ఈ సంగతి నలుగురిలో చెప్పి నవ్వించి, ఈమె ముఖం చిన్నబోయేసరికి ‘ఐ యామ్ జస్ట్ పుల్లింగ్ యువర్ లెగ్’ అన్నాడట. తన కాళ్ళు పట్టి లాగుతున్నానని ముఖం మీదే చెప్పాడని ఆనాటి నుంచి ఆమె అతనితో మాట్లాడటం మానేశారు.

ఇప్పుడు బయ్యర్లతో మాట్లాడే ఉద్యోగి విశాఖపట్నం వెళ్ళిపోతున్నారు. ఆ స్థానం ఈమెకే ఇస్తామని, నెలాఖరులోగా మాట చెప్పమని యాజమాన్యం అడిగింది. సాయంత్రం పూట కాల్స్ ఉంటాయని భర్తకు ఇష్టం లేదు. ఇంగ్లీషు మీడియంలో ఎనిమిదో తరగతి చదివే కొడుకు తల్లి ఉచ్చారణకు నవ్వుతాడు. ఆన్‌లైన్ కోచింగు ఒకటి 18,000 రూపాయలు అడుగుతోంది. ఒప్పుకోవాలా, వద్దనాలా, ఈ వయసులో ఇడియమ్స్ పట్టుబడతాయా, వాటిని వాక్యంలో ఎలా పెట్టాలి, ఆ మోకాలి ఆపరేషను ఆమెకు ఇప్పుడైనా క్షమాపణ చెప్పాలా అన్నవి ఆమె ప్రశ్నలు.

సమాధానం:

మీరు అన్నిటినీ కలిపి ‘నాకు ఇంగ్లీషు రాదు’ అనే ఒకే మూటలో కట్టేశారు. ఉత్తరం జాగ్రత్తగా చదివితే అందులో మూడు వేర్వేరు సంగతులు కనిపిస్తున్నాయి: ఒక మాటకు దేశాన్ని బట్టి అర్థం మారడం, అర్థం కాని మాటకు మీరు తల ఊపడం, ఆఫీసులో ఒక వ్యక్తి ప్రవర్తన. వీటికి మందు ఒకటి కాదు.

ముందుగా కంటైనరు సంగతి. ‘టేబుల్’ అనే మాటకు మీరు చేసుకున్న అర్థం తప్పు కాదు. బ్రిటన్‌లోనూ, ఆ పద్ధతిలో నడిచే మన చట్టసభల్లోనూ ఒక అంశాన్ని టేబుల్ చేయడమంటే చర్చకు సభ ముందు పెట్టడమే. అమెరికాలో దీనికి సరిగ్గా ఎదురు అర్థం: ఇప్పుడు వద్దు, పక్కన పెట్టండి అని. ఈ గోతిలో పడినవారిలో మీరు మొదటివారు కారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్, అమెరికన్ సైనికాధికారులు కలిసి కూర్చున్నప్పుడు ఇదే జరిగిందని చర్చిల్ తన యుద్ధ జ్ఞాపకాల్లో రాసుకున్నారు. బ్రిటిష్ వారు ఒక పత్రాన్ని వెంటనే చర్చించాలన్న తొందరతో ‘టేబుల్’ చేస్తామన్నారు. దాన్ని సొరుగులో పడేసి మరచిపోతామంటున్నారని అమెరికన్లు అనుకున్నారు. ఇరువైపులా కోరుకున్నది ఒకటేనని తేలేలోపు చాలాసేపు ఘాటుగానే వాదించుకున్నారట. ఇంగ్లీషు తల్లిభాషగా ఉన్న సైన్యాధిపతులకే తప్పని తికమక అది. ‘ఫర్ నౌ’ అనే తోక మిమ్మల్ని మరింత దారి తప్పించి ఉంటుంది. అది ‘ఇప్పుడే’ కాదు, ‘ప్రస్తుతానికి’.

అయితే నష్టం ఆ మాట వల్ల రాలేదని నా అభిప్రాయం. నష్టం మీ ‘యస్’ వల్ల వచ్చింది. గోదావరి జిల్లాల వారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మనం మాట మాటకూ ‘ఆయ్’, ‘ఆయండి’ అంటాం. అందులో ఒప్పుకోలు తక్కువ, వింటున్నానండీ అన్న మర్యాద ఎక్కువ. చెప్పేవారికి కూడా అది తెలుసు కనుక ‘ఆయ్ అన్నావుగా’ అని రేపు ఎవరూ నిలదీయరు. మీరు ఫోనులో అన్న ‘యస్ సర్, యస్ సర్’ ఈ ‘ఆయ్’కి ఇంగ్లీషు రూపమే అయి ఉంటుంది. అవతల ఉన్న బయ్యరుకు మాత్రం అది అక్షరాలా అంగీకారం. తన మాట అర్థమైంది, అలాగే జరుగుతుంది అని ఆయన నిశ్చింతగా ఫోను పెట్టేశాడు. వెయ్యి ఇడియమ్స్ నేర్చినా ఈ అలవాటు ఇలాగే ఉంటే వెయ్యిన్నొకటో దాని దగ్గర మళ్ళీ బుకింగ్ రద్దు చేయించాల్సి వస్తుంది.

ఇందుకు నివారణ చాలా మామూలుది. వింటున్నట్టు తెలియజేయడానికి ‘యస్’ మానేసి ‘ఐ యామ్ లిజనింగ్’ అనో, ‘గో ఆన్’ అనో అనండి. ఒక నిర్ణయం వినబడిన ప్రతిచోటా దాన్ని మీ మాటల్లో, ఏ అలంకారమూ లేని ఇంగ్లీషులో తిరిగి చెప్పండి: ‘సో వియ్ షిప్ ది ఫస్ట్ కంటైనర్ నౌ, అండ్ వియ్ వెయిట్ ఫర్ యువర్ వర్డ్ ఆన్ ది సెకండ్. ఈజ్ దట్ రైట్?’ ఆనాడు ఈ వాక్యాన్ని తలకిందులుగా చెప్పి ఉన్నా, అంటే ‘రెండూ పంపిస్తాం’ అని ఉన్నా, ఆయన అక్కడికక్కడే సరిదిద్ది ఉండేవాడు. తప్పుగా తిరిగి చెప్పడంలో కూడా లాభమే ఉంది. ఫోను పెట్టేసిన వెంటనే అవే మాటలతో నాలుగు వరుసల మెయిలు పంపండి. ‘వాట్ డు యు మీన్ బై దట్?’ అని అడగడం నామోషీ కాదు. కాస్త కటువుగా వినిపిస్తుందనుకుంటే ‘కుడ్ యు పుట్ దట్ అనదర్ వే?’ అనండి.

ఇక ఇడియమ్స్ దగ్గరికి వద్దాం. పదో తరగతి తెలుగు పరీక్షలో ‘క్రింది జాతీయాలను సొంత వాక్యాలలో ప్రయోగించండి’ అనే ప్రశ్న మీకు గుర్తుండే ఉంటుంది. ‘కాలికి బలపం కట్టుకొని’ అని ఇస్తే, ‘మా నాన్న అక్క పెళ్ళి సంబంధాల కోసం కాలికి బలపం కట్టుకొని తిరిగాడు’ అని మీరు క్షణంలో రాసి ఉంటారు. ఆ వాక్యం మీకు పుస్తకం నుంచి రాలేదు. ఎవరు, ఏ పని మీద, ఎంత తిరిగితే ఆ మాట అంటారో వీధి అరుగుల మీద వినీ వినీ ఉన్నారు. రొయ్యల చెరువు గట్టు మీద రెండు సార్లు నడిచొచ్చినవాణ్ణి ఆ మాట అనరని కూడా మీకు తెలుసు. మీరు కొన్న పుస్తకం ఇంగ్లీషులో అర్థాన్ని మాత్రమే ఇచ్చింది. ఎవరు, ఎవరితో, ఎప్పుడు అన్నది ఇవ్వలేదు.

‘బ్రేక్ ఎ లెగ్’ అక్కడే మోసం చేసింది. అది రంగస్థలం వాళ్ళ మాట. వేషం కట్టి తెర ముందుకు వెళ్ళబోయేవారికి నేరుగా శుభం పలికితే కీడు జరుగుతుందన్న నమ్మకంతో తిరగేసి చెప్పే ఆశీర్వాదం. ఈ తిరగేసి చెప్పడం మనకేమీ కొత్త కాదు. ఇంట్లో బియ్యం అయిపోతే ‘నిండుకున్నాయి’ అంటాం, దీపం ఆరిపోతే ‘కొండెక్కింది’ అంటాం, గుమ్మం దాటేటప్పుడు ‘వెళ్తాను’ అనకుండా ‘వెళ్ళొస్తాను’ అంటాం. తెలుగు నేర్చుకుంటున్న విదేశీయుడెవరో నిండుకోవడమంటే అయిపోవడమని పుస్తకంలో చదివి, ‘సినిమా నిండుకుంది, ఇంటికి పోదాం’ అన్నాడనుకోండి. మనం నవ్వుకుంటాం గానీ అతన్ని తప్పుపట్టం. అతను బియ్యం డబ్బా దగ్గర ఆ మాట ఎప్పుడూ వినలేదు, అంతే. మీ విషయంలో దురదృష్టం ఏమిటంటే అవతలి మనిషికి నిజంగానే కాలికి ఆపరేషను.

ఆ పుస్తకం మరో సంగతి కూడా చెప్పి ఉండదు. ఇడియమ్స్ అన్నీ ఒకే మెట్టు మీద ఉండవు. చనిపోవడానికి ‘కిక్ ది బకెట్’ అని ఉంటుంది. 1785లో లండనులో ఫ్రాన్సిస్ గ్రోస్ అచ్చు వేయించిన నాటు మాటల నిఘంటువులోకే అది ఎక్కింది, ఈనాటికీ దాని నాటుతనం పోలేదు. మనవాళ్ళు దాన్ని ‘బాల్చీ తన్నేశాడు’ అని తెచ్చుకున్నారు. ఆ మాటను సంతాప సభలో ఎవరైనా అంటారా? అలాగే మన పాఠ్యపుస్తకాల్లో ఇప్పటికీ కుండపోత వర్షానికి ‘క్యాట్స్ అండ్ డాగ్స్’ కురిపిస్తూనే ఉన్నారు గానీ, 17వ శతాబ్దం నుంచీ ఉన్న ఆ మాటను ఇప్పటి అమెరికన్లు రోజువారీ సంభాషణలో అనడం అరుదు. వాళ్ళు ‘ఇట్స్ పోరింగ్’ అని ఊరుకుంటారు. తుపాను వల్ల లోడింగ్ ఆగిందని మెయిలు రాసేటప్పుడు మీకు కావలసింది కూడా ఆ మామూలు మాటే.

కాబట్టి పుస్తకాన్ని పక్కన పెట్టి, కొన్నాళ్ళు మీ చెవిన పడినవాటినే పట్టుకోండి. మీ బయ్యర్లు అమెరికన్లు కనుక వాళ్ళ వ్యాపార సంభాషణలో బేస్‌బాల్ వంటి బంతాటల నుంచి వచ్చినవి తరచుగా దొర్లుతాయి. ‘గివ్ మి ఎ బాల్‌పార్క్ ఫిగర్’ అంటే ఉజ్జాయింపుగా ధరో, పరిమాణమో చెప్పమని. అక్కడ మీరు పైసలతో సహా లెక్క కట్టి చెప్పక్కరలేదు గానీ, అది కచ్చితమైన కొటేషను కాదని చెప్పడం మరవకూడదు. ‘లెట్స్ టచ్ బేస్ ఆన్ మండే’ అంటే సోమవారం ఓసారి మాట్లాడుకుందామని. ‘ఐ విల్ టేక్ ఎ రెయిన్ చెక్’ అంటే ఇప్పటికి కుదరదు, మరోసారి చూద్దామని. వాన వల్ల ఆట ఆగిపోతే మళ్ళీ వచ్చి చూడటానికి ప్రేక్షకుల దగ్గర ఉండే టికెట్టు ముక్క నుంచి ఆ మాట వచ్చింది, మీ కంటైనరు తడుస్తుందని కాదు. ‘సమ్‌వన్ డ్రాప్‌డ్ ది బాల్’ అన్నారంటే మాత్రం చెవులు రిక్కించండి. ఎవరో చేయాల్సిన పని గాలికొదిలేశారన్న ఫిర్యాదు అది, నవ్వుతూ అన్నా సరే. మన క్రికెట్టు నుంచి వచ్చిన ‘స్టికీ వికెట్’ (ఇరకాటం) వంటివి మీరు అటువైపు వాడితే వాళ్ళకూ ఇదే తంటా.

నిజానికి ఇడియమ్స్ కన్నా మీకు ముందుగా కావలసినవి చిన్న క్రియల పక్కన చిన్న మాటలు చేరి అర్థం మారిపోయే జంటలు. వీటి మీద ఎవరూ రంగురంగుల పుస్తకాలు అమ్మరు గానీ ఎగుమతి వ్యాపారంలో డబ్బు పోయేది వీటి దగ్గరే. ‘పుట్ ఆఫ్’ అంటే వాయిదా, ‘కాల్ ఆఫ్’ అంటే రద్దు, ‘ఫాల్ త్రూ’ అంటే కుదిరిందనుకున్న బేరం చెడిపోవడం. ‘హోల్డ్ ఆఫ్ ఆన్ ది షిప్‌మెంట్’ అంటే పంపకుండా ఆగమని. ‘హోల్డ్ ఆన్ టు ది శాంపిల్స్’ అంటే ఆ నమూనాలను పారేయకుండా మీ దగ్గరే ఉంచమని. మీ పాత మెయిళ్ళలో వెతికితే ఇవే మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. ముందు వాటిని ఏరుకోండి.

వాక్యంలో పెట్టడం గురించి అడిగారు కనుక ఒక్కదాన్ని దగ్గరగా చూద్దాం. ‘కీప్ యాన్ ఐ ఆన్’. తెలుగులో ‘ఓ కన్నేసి ఉంచండి’ అంటామే, అచ్చంగా అదే. ‘ప్లీజ్ కీప్ యాన్ ఐ ఆన్ ది టెంపరేచర్’ అని బయ్యరు రాస్తే కంటైనరులో చలి తగ్గకుండా గమనిస్తూ ఉండమని. ఇందులో ‘కీప్’ కాలాన్ని బట్టి మారుతుంది: ‘వియ్ కెప్ట్ యాన్ ఐ ఆన్ ఇట్ ఆల్ నైట్’. కానీ ‘యాన్ ఐ’ మామూలుగా ఏకవచనంలోనే ఉంటుంది. పది మంది కాపలా ఉన్నా ‘టెన్ ఐస్’ కాదు, ఊరంతా కలిసి ముక్కున ఒక్క వేలే వేసుకున్నట్టు. అదే ‘కీప్’ స్థానంలో ‘హ్యావ్’ పెట్టి, ‘యువర్’ చేర్చి ‘హ్యావ్ యువర్ ఐ ఆన్’ అన్నారంటే అర్థం జారిపోతుంది. ఆ పొలం మీద కన్నేశాడని మనం అంటే వచ్చే కోరిక అందులో ఉంది. గోడౌనులో కొత్త ఫ్రీజరును గమనిస్తున్నానని చెప్పబోయి దాన్ని కాజేసే ఉద్దేశం ఉన్నట్టు రాయకూడదు కదా. ఒక్క ఇడియమును ఇంత నిదానంగా నాలుగు వాక్యాల్లో తిప్పి చూస్తే, అది మీ సొంతమవుతుంది.

ఇలా చూస్తుంటే ఒక్కోదానికి ఒక్కో బిగువు ఉందని మీకే తెలుస్తుంది. ‘స్పిల్ ది బీన్స్’ను తిప్పి ‘ది బీన్స్ వర్ స్పిల్డ్’ అన్నా గుట్టు బయటపడిందనే అర్థం నిలుస్తుంది. ‘ది బకెట్ వజ్ కిక్డ్’ అంటే మాత్రం చావు పోయి ఉత్త బాల్చీ మిగులుతుంది. ‘లిఫ్ట్ ఎ ఫింగర్’ ఎక్కువగా వ్యతిరేకార్థంలోనే వస్తుంది: ‘హి డిడ్ నాట్ లిఫ్ట్ ఎ ఫింగర్’. ఈ పుల్ల తీసి ఆ పుల్ల మీద పెట్టడని అంటాం గానీ, మా అబ్బాయి బుద్ధిమంతుడండీ, ఈ పుల్ల తీసి ఆ పుల్ల మీద పెడతాడని ఎవరూ పొగడరు. వీటికి సూత్రాలు వెతకడం కన్నా, నిఘంటువులో ఇచ్చిన ఉదాహరణ వాక్యాలు నాలుగైదు చదవడం త్వరగా పనిచేస్తుంది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి సంస్థల అభ్యాసక నిఘంటువులు ఆన్‌లైన్‌లో ఉచితంగానే దొరుకుతాయి. వాటిలో అవసరమైన మాట పక్కన ఇది వ్యవహారికం, ఇది పాతబడింది, ఇది అమెరికాలో వాడతారు, ఇది నొప్పించే మాట అన్న గుర్తులు ఉంటాయి. మీకు ఆ వెయ్యి అర్థాల కన్నా ఈ గుర్తులే ఎక్కువ అవసరం.

అర్థం చేసుకోవడానికీ వాడటానికీ మధ్య ఒక ఎడం కూడా పాటించండి. విన్న ప్రతిదాన్నీ అర్థం చేసుకోవాలి. వాడటం మాత్రం ఇద్దరు ముగ్గురు వేర్వేరు మనుషుల నోట, ఇంచుమించు ఒకే సందర్భంలో విన్న తరువాతే. అప్పటిదాకా సాదా ఇంగ్లీషు చాలు. సాదాగా, స్పష్టంగా రాసే సరఫరాదారును ఏ బయ్యరూ తక్కువగా చూడడు. అతనికి కావలసింది సరుకు, సమయం, నిజం. మనవైపు ఇంగ్లీషులో వాడుకైపోయిన కొన్ని మాటలను కూడా ఓసారి తరచి చూసుకోండి. ‘ఐ పాస్‌డ్ అవుట్ ఇన్ 2012’ అని మీరు డిగ్రీ గురించి రాస్తే, అమెరికన్ చెవికి మీరు 2012లో స్పృహ తప్పారని వినిపిస్తుంది. ‘ప్రిపోన్’ (అనుకున్న దానికన్నా ముందుకు జరపడం), ‘అవుట్ ఆఫ్ స్టేషన్’ (ఊళ్ళో లేకపోవడం) కూడా సముద్రం దాటితే చెల్లవు. ఇవి తప్పులని నేననను, మన దేశంలో నిక్షేపంగా చెల్లుబాటయ్యే మాటలే.

ఇప్పుడా జూనియరు సంగతి. ఇంగ్లీషులో ‘పుల్లింగ్ యువర్ లెగ్’ అంటే ఉత్త వేళాకోళం. తెలుగులో కాలు పట్టి లాగడమంటే ఎదిగేవారిని కిందికి గుంజడం. అతను అన్నది మొదటిది, మీరు విన్నది రెండోది. ఆ ఒక్క వాక్యానికి కోపం తెచ్చుకోవలసిన పని లేదు. కానీ మీ పొరపాటును నలుగురిలో చెప్పి నవ్వించడం వేళాకోళమా, కాదా అన్నది ఇడియము అర్థాన్ని బట్టి తేలే విషయం కాదు. వెటకారం పుట్టిన గడ్డ మీద పెరిగిన మీకు ఏ నవ్వులో పుల్ల ఉందో, ఏ నవ్వులో ముల్లు ఉందో నేను చెప్పనక్కరలేదు. అతను అదే తీరున అందరినీ, తనను కూడా కలుపుకొని నవ్విస్తుంటే మళ్ళీ మాట కలపండి, చెవికి మంచి సాధన కూడా అవుతుంది. మిమ్మల్ని మాత్రమే ఎంచుకుంటున్నాడనిపిస్తే, ఒంటరిగా ఉన్నప్పుడు పిలిచి తెలుగులోనే సూటిగా చెప్పండి. మాటలు మానేసి కూర్చుంటే, కొత్త బాధ్యతకు మీ తరువాతి పేరు అతనిదే అయిన పక్షంలో, ఆ మౌనం మీకే ఖరీదవుతుంది.

పదవి విషయంలో మీ ముందు మూడు దారులున్నాయి. వెంటనే ఒప్పుకోవడం మొదటిది. అలా అయితే ఒక షరతు ముందే మాట్లాడుకోండి: ఫోనులో అనుకున్నదేదైనా మెయిలులో బయ్యరు ఒప్పుకున్నాకే బుకింగూ ప్యాకింగూ మొదలవుతాయని. మొదట్లో తడబాట్లు తప్పవు, కొన్నిసార్లు ‘మళ్ళీ చెప్పండి’ అనాల్సి వస్తుంది, కానీ నష్టం కాగితం దాకా రాకుండా ఈ షరతు అడ్డుకుంటుంది. రోజూ వింటారు కనుక చెవి కూడా త్వరగా తేరుకుంటుంది. రెండోది, ఇప్పుడున్న ఉద్యోగి వెళ్ళేలోపు ఆయన పక్కన కూర్చుని కాల్స్ వినే వెసులుబాటు అడిగి, తరువాత నిర్ణయం చెప్పడం. ఇది ఒత్తిడి లేని పద్ధతే గానీ, యాజమాన్యం తొందరలో ఉంటే ఆ కుర్చీలో ఈలోగా మరొకరు కూర్చోవచ్చు. మూడోది వద్దనడం. అందులో చిన్నతనం ఏమీ లేదు, తప్పు దొర్లని డాక్యుమెంట్లు ఏ ప్లాంటుకైనా ప్రాణం. అయితే ఇడియమ్స్ బెడద తప్పుతుందని మాత్రం వద్దనకండి, మెయిళ్ళలో అవి ఎలాగూ వస్తాయి. పైగా మీ స్థానంలో వచ్చినవారికి కౌంటు గురించీ సర్టిఫికెట్ల గురించీ మీకున్న పట్టు ఉండకపోతే, వాళ్ళు ఫోనులో ఇచ్చిన మాటలకు మీరు కాగితాల మీద తిప్పలు పడాల్సి రావచ్చు. ఉత్తరాన్ని బట్టి నా మొగ్గు మొదటి రెంటి వైపే ఉంది. మీ మీద కేకలేసిన తరువాత కూడా మిమ్మల్నే అడిగారంటే, ఆ బుకింగును వాళ్ళు మీ సామర్థ్యానికి కొలతగా తీసుకోలేదనే నాకు అనిపిస్తోంది.

మీ వారి అభ్యంతరం దగ్గర లెక్క ఒకటి వేసి చూపండి. న్యూయార్కులో ఉదయం 9 గంటలంటే మనకు వేసవి నెలల్లో సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. బయ్యర్లు తూర్పు తీరం వారైతే ఎక్కువ కాల్స్ ఆ వేళలో ముగించవచ్చు, ఇంటి నుంచి మాట్లాడే వీలుందేమో కూడా అడగండి. కాలిఫోర్నియా వారైతే గడియారం మరో మూడు గంటలు ముందుకు జరుగుతుంది, అప్పుడాయన మాటలో న్యాయం ఉంది. ఏ ఊరి బయ్యర్లో ముందు కనుక్కుని తరువాత ఇంట్లో మాట్లాడండి.

కోచింగుకు 18,000 కట్టేముందు వాళ్ళను ఒక్కటే అడగండి: ప్రతి వారం ఒక మనిషితో ఎంతసేపు మాట్లాడిస్తారు, ఆ మనిషి నా తప్పులు రాసి ఇస్తారా? జవాబు సూటిగా రాకుండా వీడియోల సంఖ్య, ఇడియమ్స్ సంఖ్య చెబితే ఆ డబ్బు దాచుకోండి, అలాంటి జాబితా మీ దగ్గర ఇప్పటికే ఒకటి ఉంది. మాట్లాడించేవారైతే ముందు ఒక నెలకే కట్టి చూడండి. వయసు గురించి బెంగ అక్కరలేదు. ఉచ్చారణ కొంత మొండికేసినా, అర్థాలు పట్టుకోవడంలో ఎనిమిదో తరగతి పిల్లవాడి కన్నా మీకే సౌలభ్యం ఎక్కువ, ఎందుకంటే బేరం చెడటం, మాట తప్పడం, నీళ్ళు నమలడం అంటే ఏమిటో మీరు చూసి ఉన్నారు. అబ్బాయి నవ్వితే నవ్వనివ్వండి. అతని తెలుగు పాఠంలో జాతీయాలు వచ్చిన రోజున సొంత వాక్యాలు అడగండి, ఇద్దరికీ కాలక్షేపం.

మోకాలి ఆపరేషను చేయించుకున్న ఆమెకు రాయడమే మేలని నాకు తోస్తోంది. రాయకపోయినా కొంప మునగదు, ఆమె ఇప్పటికే నవ్వుకుని మరచిపోయి ఉండవచ్చు, లేదా సెలవులో ఉండి చూడనేలేదేమో. కానీ కొత్త బాధ్యత తీసుకుంటే మీరు రోజూ మాట్లాడాల్సిన మనిషి ఆమే కావచ్చు, మనసులో ఆ బెరుకు పెట్టుకుని మాట్లాడటం కష్టం. సంజాయిషీ పొడిగించకుండా మూడు వాక్యాలు చాలు: ‘ఐ హోప్ యువర్ నీ ఈజ్ హీలింగ్ వెల్. ఐ యూజ్డ్ ఎ రాంగ్ ఎక్స్‌ప్రెషన్ ఇన్ మై లాస్ట్ మెయిల్, అండ్ ఐ యామ్ సారీ. ఐ ఓన్లీ మెంట్ టు విష్ యు ఎ క్విక్ రికవరీ.’ దీనికి మరో ఇడియము తగిలించకండి. నెలాఖరులో మేనేజరును కలిసినప్పుడు మెయిలు షరతు గురించి ఆయన ‘అదంతా టైం వేస్టు’ అన్నారంటే, అప్పుడు మొదటి దారి వదిలేసి రెండోదే పట్టండి. రాతపూర్వకంగా ఖరారు చేసుకునే వీలు లేని చోట పక్కన కూర్చుని వినడానికి ఎంత గడువు దొరికితే అంతా తీసుకోవలసిందే.